1951 ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్

1951 ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ పోటీలు 1951 మార్చి నెలలో భారతదేశ రాజధాని న్యూఢిల్లీలో జరిగాయి. మొట్టమొదటి ఆసియా క్రీడలలో ఈ పోటీలు ఒక భాగము. మొత్తం ఆరు దేశాల జట్లు ఇందులో పాల్గొన్నాయి. ఫైనల్లో ఆతిథ్య దేశమైన భారత్ 1-0 గోలు తేడాతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణ పతకాన్ని సాధించింది. స్వతంత్ర భారతదేశం ఫుట్‌బాల్‌లో గెలిచిన తొలి పెద్ద అంతర్జాతీయ పోటీ ఇదే. ఈ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, సారథి బెంగాలుకు చెందిన సైలెన్ మన్నా. ఫైనల్లో ఏకైక గోలును సాహు మేవాలాల్ చేశాడు.

నేపథ్యము

ఆసియా దేశాల మధ్య క్రీడా పోటీలు 1951కి ముందు కూడా జరిగేవి. 1913లో మనీలాలో మొదలైన దూర ప్రాచ్య క్రీడలు 1934 వరకు కొనసాగాయి. వీటిలో ప్రధానంగా ఫిలిప్పీన్స్, చైనా, జపాన్ దేశాలు పాల్గొనేవి. 1913 నాటి తొలి పోటీలలోనే ఫుట్‌బాల్ కూడా ఉన్నది. అందులో ఆతిథ్య దేశమైన ఫిలిప్పీన్స్ 2-1తో చైనాపై గెలిచింది. 1934లో ఢిల్లీలో పశ్చిమాసియా క్రీడలు జరిగాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ ప్రయత్నాలన్నీ ఆగిపోయాయి.

యుద్ధం ముగిసిన తరువాత ఆసియాలో అనేక దేశాలు వలస పాలన నుండి విముక్తి పొందాయి. ఈ దేశాలన్నీ ఒకే వేదికపై పోటీపడాలనే ఆలోచనను భారత ఒలింపిక్ ప్రముఖుడు గురుదత్ సోంధీ ముందుకు తెచ్చాడు. 1948 లండన్ ఒలింపిక్స్ సమయంలో ఆయన వివిధ ఆసియా దేశాల ప్రతినిధులతో చర్చలు జరిపాడు. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన సమావేశంలో ఆసియా క్రీడల సంస్థ ఏర్పడింది. తొలి క్రీడలను 1950లోనే జరపాలని తలపెట్టినా, ఏర్పాట్లు పూర్తికాకపోవడం వలన అవి 1951 మార్చికి వాయిదా పడ్డాయి. నిర్వహణ బాధ్యతలో ఆంథొనీ డిమెల్లో ప్రముఖ పాత్ర వహించాడు.

1951 మార్చి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ఈ క్రీడలను ప్రారంభించాడు. 11 దేశాల నుండి 489 మంది క్రీడాకారులు వచ్చారు. క్రీడలు మార్చి 11న ముగిశాయి. అంతకుముందు ఇర్విన్ యాంఫీథియేటర్‌గా పిలువబడిన నేషనల్ స్టేడియం ఈ క్రీడలకు ముఖ్య వేదిక. ఇదే స్టేడియానికి 2002లో హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ పేరు పెట్టారు. మొత్తం పతకాల పట్టికలో జపాన్ మొదటి స్థానము, భారత్ రెండవ స్థానము పొందాయి.

అప్పటికి భారత ఫుట్‌బాల్ పరిస్థితి

భారతదేశంలో ఫుట్‌బాల్ బ్రిటిష్ సైనికుల ద్వారా ప్రవేశించి కలకత్తా, బొంబాయి, హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలో వేళ్ళూనుకున్నది. 1911లో మోహన్ బగాన్ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టును 2-1తో ఓడించడం స్వాతంత్ర్యోద్యమ కాలపు ముఖ్య సంఘటనలలో ఒకటిగా నిలిచింది. 1937లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1948లో ఈ సమాఖ్యకు ఫిఫా సభ్యత్వము లభించింది.

1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు 1-2తో ఫ్రాన్స్ చేతిలో ఓడిపోయింది. సారంగపాణి రామన్ భారత్ తరఫున గోలు చేశాడు. రెండు పెనాల్టీ అవకాశాలు వృథా కావడమే ఆ ఓటమికి ముఖ్య కారణము. భారత క్రీడాకారులలో చాలామంది ఆ ఆటను బూట్లు లేకుండా ఆడారు.

1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌కు, పోటీకి రావలసిన ఇతర ఆసియా జట్లు తప్పుకోవడం వలన భారత్‌కు ప్రవేశం లభించింది. కాని జట్టు వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడటానికి ఫిఫా ఒప్పుకోకపోవడమే ఇందుకు కారణమనే కథ విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. అయితే అప్పటి సమాఖ్య అభ్యాసానికి తగిన సమయం లేకపోవడాన్ని, జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలను కారణాలుగా చూపింది. ఒలింపిక్స్‌తో పోలిస్తే ప్రపంచ కప్‌కు అప్పట్లో మన దేశంలో అంత ప్రాధాన్యత ఉండేది కాదు. బూట్ల కథ అసలు కారణం కాదని సైలెన్ మన్నా కూడా తరువాతి కాలంలో చెప్పాడు. ఏది ఏమైనా, ప్రపంచ కప్ చేజారిన మరుసటి సంవత్సరమే సొంతగడ్డపై జరిగిన ఈ పోటీ భారత జట్టుకు తన స్థాయిని నిరూపించుకొనే అవకాశమైనది.

పాల్గొన్న జట్లు

* భారత్ - ఆతిథ్య దేశము.
* ఇరాన్ - ఫైనల్లో భారత్ ప్రత్యర్థి.
* జపాన్ - 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌ను 3-2తో ఓడించిన చరిత్ర ఈ దేశానికి ఉన్నది. యుద్ధం కారణంగా అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు దూరమై, 1950లో తిరిగి ఫిఫాలో చేరింది.
* ఆఫ్ఘనిస్తాన్ - 1948 ఒలింపిక్స్‌లో పాల్గొని లక్సెంబర్గ్ చేతిలో 0-6తో ఓడిపోయిన జట్టు.
* ఇండోనేషియా - 1949 చివరలో డచ్చివారి నుండి సార్వభౌమాధికారం పొందిన కొత్త దేశము.
* బర్మా (నేటి మయన్మార్) - 1948 జనవరిలో స్వాతంత్ర్యం పొందిన దేశము.

పాకిస్తాన్, చైనా ఈ క్రీడలలో పాల్గొనలేదు.

పోటీ విధానము, ఫలితాలు

పోటీలు నాకౌట్ పద్ధతిలో జరిగాయి. అంటే ఓడిన జట్టు స్వర్ణ పతకపు పోటీ నుండి తప్పుకోవలసినదే. ఆరు జట్లు మాత్రమే ఉన్నందున మొదటి దశలో నాలుగు జట్లు తలపడగా, జపాన్, ఆఫ్ఘనిస్తాన్ జట్లు ఆడకుండానే నేరుగా సెమీఫైనల్స్‌కు చేరాయి. ఆట సమానంగా ముగిస్తే పెనాల్టీల ద్వారా తేల్చే పద్ధతి అప్పటికి లేదు. మళ్ళీ ఆడవలసి వచ్చేది.

మొదటి దశ:
* భారత్ 3 - ఇండోనేషియా 0
* ఇరాన్ 2 - బర్మా 0

సెమీఫైనల్స్:
* భారత్ 3 - ఆఫ్ఘనిస్తాన్ 0
* ఇరాన్ 0 - జపాన్ 0
* ఇరాన్ 3 - జపాన్ 2 (తిరిగి ఆడిన ఆట)

కాంస్య పతకానికి:
* జపాన్ 2 - ఆఫ్ఘనిస్తాన్ 0

ఫైనల్:
* భారత్ 1 - ఇరాన్ 0

భారత్ మూడు ఆటలలో మొత్తం 7 గోల్స్ చేసి, ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. ఈ ఏడింటిలో నాలుగు మేవాలాల్ చేసినవే. పోటీలలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడు కూడా ఇతనే.

ఫైనల్

ఫైనల్ మార్చి 10న నేషనల్ స్టేడియంలో జరిగింది. మొదటి రెండు ఆటలను మూడేసి గోల్స్ తేడాతో సులభంగా గెలిచిన భారత్‌కు ఇరాన్ నుండి గట్టి పోటీ ఎదురైంది. మేవాలాల్ చేసిన ఒక్క గోలే ఆట ఫలితాన్ని నిర్ణయించింది. మన్నా నాయకత్వంలోని రక్షణ వరుస ఆధిక్యాన్ని చివరిదాకా నిలుపుకొన్నది.

ఈ ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు ఇరాన్ జట్టు ప్రయాణాన్ని కూడా గమనించవలసి ఉన్నది. జపాన్‌తో సెమీఫైనల్ రెండుసార్లు ఆడవలసి రావడం వలన ఇరాన్‌కు ఫైనల్ నాలుగవ ఆట, భారత్‌కు మూడవది మాత్రమే. అదీ వారం రోజులు కూడా నిండని వ్యవధిలో. సొంత మైదానము, సొంత ప్రేక్షకులు, ఒక ఆట తక్కువ అలసట భారత్‌కు అనుకూలించిన అంశాలు. అయినా జపాన్‌పై మూడు గోల్స్ చేసిన ఇరాన్‌ను ఒక్క గోలు కూడా చేయనీయకపోవడం భారత రక్షణ వరుస బలానికి నిదర్శనము.

భారత జట్టు

సైలెన్ మన్నా: 1924లో జన్మించాడు. మోహన్ బగాన్ జట్టుకు సుదీర్ఘకాలం ఆడిన రక్షణ ఆటగాడు. 1948 ఒలింపిక్స్‌లో కూడా ఆడాడు. భారత ప్రభుత్వం 1971లో పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. 2012లో మరణించాడు.

సాహు మేవాలాల్: బీహారుకు చెందినవాడు. కలకత్తా మైదానాలలో పేరు తెచ్చుకొన్న ఫార్వర్డ్. జట్టు ఆడిన ప్రతి ఆటలోను గోలు చేశాడు.

అహ్మద్ ఖాన్, వెంకటేష్, సాలే: ఈ ముగ్గురూ ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ళు. అప్పారావు, ధనరాజ్‌లతో కలిపి వీరిని ఆ క్లబ్బు అభిమానులు "పంచ పాండవులు" అని పిలిచేవారు. ఈ అయిదుగురూ దక్షిణ భారతీయులే కావడం విశేషము.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్: ఇద్దరూ హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆటగాళ్ళు. వీరిద్దరూ తరువాత 1952, 1956 ఒలింపిక్స్‌లలో కూడా భారత్ తరఫున ఆడారు.

వీరితో పాటు గోల్‌కీపర్ వరదరాజ్, షణ్ముగం, చందన్ సింగ్, రూనూ గుహ ఠాకుర్తా మొదలైనవారు జట్టులో ఉన్నారు. బెంగాలు, మైసూరు, హైదరాబాదు ప్రాంతాల ఆటగాళ్ళు కలిసి ఒక జట్టుగా ఆడటం ఈ విజయానికి ముఖ్య కారణాలలో ఒకటి.

హైదరాబాదు పాత్ర

1951 నాటికి తెలుగువారు రెండు రాష్ట్రాలలో ఉండేవారు. నేడు విజయనగరం జిల్లాలో ఉన్న గజపతినగరం వంటి ఊళ్ళు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. తెలంగాణ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసింది. అంటే లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆడిన నాటికి హైదరాబాదు దేశంలో భాగం కాదు. విలీనం జరిగి మూడేళ్ళైనా నిండకముందే ఆ నగరపు ఉపాధ్యాయుడొకడు భారత జట్టుకు శిక్షకుడై దేశానికి స్వర్ణ పతకం తెచ్చిపెట్టాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగష్టు 17న హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. అందుకే ఆయనను అందరూ "రహీం సాబ్" అని గౌరవంగా పిలిచేవారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు.

అప్పట్లో మన దేశంలో బంతిని కాలి దగ్గరే ఉంచుకొని ఎదుటివారిని తప్పించుకుంటూ పోయే ఆటకే చప్పట్లు ఎక్కువ పడేవి. రహీం అందుకు భిన్నంగా బంతిని వెంటనే సహచరుడికి అందించే ఆటను నేర్పాడు. బంతిని ఎక్కువసేపు తన దగ్గర ఉంచుకోరాదనే నియమంతోను, అలవాటు లేని కాలితో మాత్రమే తన్నాలనే నియమంతోను ఆయన హైదరాబాదులో ప్రత్యేక పోటీలు నిర్వహించాడు.

ఈ శిక్షణ ఫలితాలు త్వరలోనే కనిపించాయి. సిటీ పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. అందువలన 1951లో రహీం భారత జట్టు బాధ్యత చేపట్టినప్పుడు అది ఒక ప్రాంతానికి ఇచ్చిన గౌరవం మాత్రమే కాదు. ఆనాటి దేశంలోని ఉత్తమ జట్లలో ఒకదానిని తీర్చిదిద్దిన శిక్షకుడికి లభించిన గుర్తింపు.

బూట్లు లేని ఆట

1951 నాటి భారత ఆటగాళ్ళలో అనేకులు వట్టికాళ్ళతో, లేదా కాలికి గుడ్డపట్టీ చుట్టుకొని ఆడేవారు. ఎండిన గట్టి నేలపై వట్టికాలితో బంతిని అదుపు చేయడం సులభము. ఢిల్లీలో మార్చి నెలలో నేల పొడిగా ఉంటుంది కనుక ఈ పద్ధతి ఇబ్బంది పెట్టలేదు. కాని చల్లని, తడి మైదానాలపై పరిస్థితి వేరు. మరుసటి సంవత్సరం హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ 1-10తో యుగోస్లేవియా చేతిలో ఘోరంగా ఓడిపోయింది. ఆ ఓటమి తరువాత సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసింది. ఆ విధంగా వట్టికాళ్ళ ఆటకు దక్కిన చివరి పెద్ద విజయము 1951 స్వర్ణమే అని చెప్పవచ్చును.

ఆతిథ్య దేశాల విజయాలు

ఫుట్‌బాల్ తొలి అంతర్జాతీయ పోటీలలో ఆతిథ్య దేశమే గెలవడం తరచుగా కనిపిస్తుంది. కొన్ని ఉదాహరణలు:

* 1917 దక్షిణ అమెరికా పోటీలు, మాంటెవీడియో - ఉరుగ్వే విజయము.
* 1919 దక్షిణ అమెరికా పోటీలు, రియో డి జనీరో - బ్రెజిల్ విజయము.
* 1930 మొదటి ప్రపంచ కప్ - ఉరుగ్వే 4-2తో అర్జెంటీనాపై విజయము.
* 1934 ప్రపంచ కప్ - ఇటలీ 2-1తో చెకోస్లొవేకియాపై విజయము.
* 1960 ఆసియా కప్, సియోల్ - దక్షిణ కొరియా విజయము.
* 1964 ఆసియా కప్, ఇజ్రాయెల్ - ఇజ్రాయెల్ విజయము. ఈ పోటీలలో భారత్ రెండవ స్థానము పొందింది.

ఆ రోజులలో సుదూర ప్రయాణాలు శ్రమతోను, ఖర్చుతోను కూడుకొన్నవి. వచ్చే జట్ల సంఖ్య తక్కువగా ఉండేది. కనుక సొంతగడ్డ ప్రయోజనం నేటికంటే ఎక్కువగా ఉండేది. అయితే ఆతిథ్యం ఒక్కటే విజయానికి హామీ కాదని భారత్ అనుభవమే చెబుతుంది. 1982లో ఆసియా క్రీడలు తిరిగి ఢిల్లీలో జరిగినప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్ ఫైనల్లో 0-1తో సౌదీ అరేబియా చేతిలో ఓడిపోయింది.

తరువాతి పరిణామాలు

1954 మనీలా ఆసియా క్రీడలలో భారత్ తన స్వర్ణాన్ని నిలుపుకోలేకపోయింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని జట్టు 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ చేశాడు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్‌లతో పాటు తులసీదాస్ బలరాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదు జంటనగరాల ఆటగాళ్ళు ఉన్నారు.

భారత్ రెండవసారి ఆసియా క్రీడల స్వర్ణాన్ని 1962లో జకార్తాలో గెలిచింది. ఈసారి పరిస్థితి ఢిల్లీకి పూర్తిగా విరుద్ధము. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవడంపై, ఆసియా క్రీడలకు ఆద్యుడైన సోంధీ అభ్యంతరం తెలిపినందువలన స్థానికులు భారత్‌పై ఆగ్రహంతో ఉన్నారు. ప్రేక్షకుల వ్యతిరేకత మధ్య ఆడిన ఫైనల్లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. జట్టు సారథి చునీ గోస్వామి. అప్పటికే క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించాడు. 1951, 1962 స్వర్ణాలు రెండింటికీ ఆయనే శిక్షకుడు. ఆ తరువాత భారత్ ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణాన్ని గెలవలేదు. 1970 బ్యాంకాక్ క్రీడలలో హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్య పతకం మాత్రం లభించింది.

ప్రాముఖ్యత

ఆరు జట్లు మాత్రమే పాల్గొన్న పోటీ కనుక 1951 విజయాన్ని మొత్తం ఆసియాపై ఆధిపత్యంగా చెప్పుకోవడం అతిశయోక్తి అవుతుంది. దక్షిణ కొరియా వంటి బలమైన జట్టు ఇందులో లేదు. అయినా ఈ విజయానికి రెండు విధాల ప్రాముఖ్యత కలదు. మొదటిది, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో తొలి విజేతగా భారత్ పేరు శాశ్వతంగా నిలిచిపోయింది. రెండవది, భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగంగా పేర్కొనే 1951-1962 కాలానికి ఇది ఆరంభము. ఆ కాలానికి మొదలు, తుది రెండూ రహీం శిక్షణతో ముడిపడి ఉన్నవి.

చాలాకాలం పాటు రహీం పేరు హైదరాబాదు వెలుపల సామాన్య ప్రజలకు పెద్దగా తెలియదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. 2024లో అజయ్ దేవగణ్ రహీం పాత్రలో నటించిన హిందీ చిత్రము "మైదాన్" విడుదలైన తరువాత ఆయన జీవితంపై కొత్త తరంలో ఆసక్తి పెరిగింది. ఆ చిత్రంలోని ప్రధాన ఘట్టము 1962 జకార్తా విజయము. దానికి పునాది వేసిన 1951 ఢిల్లీ విజయము మాత్రం నేటికీ తక్కువగానే ప్రస్తావనకు వస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఆసియా క్రీడలు
* సయ్యద్ అబ్దుల్ రహీం
* సైలెన్ మన్నా
* తులసీదాస్ బలరాం
* డ్యూరాండ్ కప్
* సంతోష్ ట్రోఫీ